పాప పేరిట ఇరవై గుంటలు

కోహీర్ నుంచి ఒక రైతు సోదరుడు ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. వారికి రెండెకరాల జామతోట ఉంది. మరో ఎకరంన్నరలో ఒక ఏడాది అల్లం, ఒక ఏడాది కంది వేస్తారు. “మా బాబుకు ఐదేళ్ళు. ఇంజనీరింగ్ చదివించాలని కోరిక. అప్పటికి ఎంత డబ్బు అవసరమవుతుంది? వడ్డీ జోలికి పోకుండా దానిని ఎలా కూడబెట్టాలి?” అన్నది వారి ప్రశ్న. ఉత్తరం ముగిసిన తర్వాత, సంతకానికి దిగువన, మరొక వాక్యం ఉంది: “పాపకు ఎనిమిదేళ్ళు. ఆమె విషయంలో చింత లేదు. పెళ్ళికి ఎనిమిది తులాల బంగారం సిద్ధంగా ఉంది.”

ఉత్తరానికి ఉత్తరంతోనే జవాబివ్వడం నా అలవాటు. కానీ ఆ చివరి వాక్యం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. జహీరాబాద్‌లో వేరే పని కూడా ఉండటంతో కోహీర్ దాకా వెళ్ళాను. చలికాలపు కాత చేతికి వస్తున్న రోజులు. ముంబై రహదారి పొడవునా జామకాయల కుప్పలు పోసి అమ్ముతున్నారు. తోటలోనే మంచం వేశారు. ఆ ఇంటి ఇల్లాలు చాయ్‌తో పాటు పాల లెక్కలు రాసుకునే నోటుపుస్తకం కూడా తెచ్చి పక్కన కూర్చున్నారు. లెక్క రాసింది ఆమే.

ముందు నేటి ధరలతో మొదలుపెట్టాము. మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజులను నియంత్రణ కమిటీ మూడేళ్ళకొకసారి నిర్ణయిస్తుంది. 2022లో కనిష్ఠ ఫీజు ఏడాదికి 35 వేల నుంచి 45 వేలకు పెరిగింది. పేరున్న కొన్ని కాలేజీలలో అది లక్షన్నర దాటింది. మధ్యస్థంగా లక్ష అనుకున్నాము. అయితే కోహీర్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదు. హాస్టలు, భోజనం, రాకపోకలు, బట్టలు కలిపి 85 వేలు. పుస్తకాలు, పరీక్ష రుసుములు, కంప్యూటరు కోసం ఏడాదికి 15 వేలు. అంటే ఫీజు ఎంతో, ఫీజు కాని ఖర్చూ అంతే. తల్లిదండ్రులు తరచూ పొరబడేది ఇక్కడే. కాలేజీ ఫీజు ఒక్కటే కనుక్కుని, అదే మొత్తం ఖర్చు అనుకుంటారు.

ఏడాదికి రెండు లక్షలు, నాలుగేళ్ళకు 8 లక్షలు. ఇది ఈ రోజు చేరే విద్యార్థి లెక్క. పాప ఇంజనీరింగ్‌లో చేరేది పదేళ్ళ తర్వాత. ఖర్చులు ఏటా 8 శాతం పెరుగుతాయనుకుంటే పదేళ్ళకు రెండింతలు దాటుతాయి. మొదటి ఏడాదికి 4 లక్షల 32 వేలు కావాలి. చదువుతున్న నాలుగేళ్ళూ పెరుగుదల ఆగదు కనుక నాలుగో ఏడాదికి 5 లక్షల 44 వేలవుతుంది. మొత్తం పందొమ్మిదిన్నర లక్షలు. 8 శాతమనేది నా అంచనా మాత్రమే. 6 శాతమే పెరిగితే మొత్తం పదిహేనున్నర లక్షల దగ్గర ఆగుతుంది. బాబుకు ఇంకో మూడేళ్ళ వ్యవధి ఉంది కనుక, 8 శాతం చొప్పున, అతని అంకె పాతిక లక్షలకు చేరువవుతుంది.

ఆ అంకె చూసి ఆ సోదరుడు కాసేపు మాట్లాడలేదు. ఇల్లాలు మాత్రం పెన్ను ఎత్తి, “భాయీసాబ్, ఇవాళ్టి ఎనిమిది లక్షలంటే ఎన్ని తులాలు?” అని అడిగారు.

తులం లక్ష దాటిన రోజులివి. ఎనిమిది తులాలు. తరుగు, మజూరీ పోయినా ఎనిమిది లక్షలకు తక్కువ రాదు. అంటే ఒక బిడ్డ నాలుగేళ్ళ చదువుకు నేడు అయ్యే ఖర్చు ఆ ఇంటి బీరువాలో ఇప్పటికే ఉంది. కాకపోతే దానికి ‘పెళ్ళి’ అని పేరు పెట్టారు.

నేను ఆ పేరు మార్చమని వారికి చెప్పాను. నికాహ్‌లో స్త్రీకి మహర్ ఇవ్వవలసిన బాధ్యత వరునిది. పెళ్ళికూతురి తండ్రి ఇన్ని తులాలు ఇచ్చి తీరాలనే నియమాన్ని మన ధర్మం పెట్టలేదు, మన వీధి పెట్టింది. ఇక పిల్లలకిచ్చే కానుకల విషయంలో దైవప్రవక్త (సఅసం) ఏం చేశారో తెలిసినదే. నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన ఒక కుమారునికి ప్రత్యేకంగా కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని కోరినప్పుడు, మిగతా సంతానానికి కూడా అలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు. కుమారునికి కాలేజీ, కుమార్తెకు నగలు అని పంచుకున్న ఇంట్లో ఆ ప్రశ్న నేటికీ అలాగే నిలిచి ఉంటుంది. నగలు కూడా కానుకే కదా అని ఆ సోదరుడు వాదించారు. నిజమే. కానీ కష్టకాలంలో నగ అమ్ముకుంటే అయిపోతుంది. చదువు అలా అయిపోయేది కాదు. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను. ఇల్లాలు మాత్రం నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసి, ఒకదానిపై ‘పాప’ అని, మరొకదానిపై ‘బాబు’ అని రాశారు.

బంగారం దాచినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. 2015లో పది గ్రాములు 26 వేల ప్రాంతంలో ఉంటే 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. ఇది చూసి అందరూ బంగారమే మేలంటున్నారు. 2012లోనూ 2018లోనూ ధర 31 వేల దగ్గరే ఉందన్నది మరచిపోతున్నారు. ఆ ఆరేళ్ళలో కాలేజీల ఫీజులు ఆగలేదు. కొత్తగా కొనదలిస్తే నగలుగా కాక నాణేలుగా కొనడం మంచిది. మజూరీ నష్టం చాలావరకు తప్పుతుంది.

మరొకటి జకాత్. చదువు కోసం దాచాము కదా, దీనిపై జకాత్ ఏమిటి అనుకునేవారున్నారు. ఉద్దేశం ఏదైనా, నిసాబ్‌కు చేరి ఏడాది గడిచిన సొమ్ముపై యజమాని నూటికి రెండున్నర చెల్లించాలి. ఇక్కడ తులం దగ్గర ఒక చిక్కు ఉంది. బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలని చెప్పుకుంటాము. అది పాత తులం, 11.66 గ్రాములు. అంటే 87.48 గ్రాములు. నేటి దుకాణంలో తులమంటే పది గ్రాములే. వారి ఎనిమిది తులాలు 80 గ్రాములు కనుక, బంగారం ఒక్కటే ఉన్నవారికి నిసాబ్ పూర్తి కాదు. కానీ తోట అమ్మకపు నగదు కూడా ఇంట్లో ఉంటుంది. హనఫీ పండితుల ప్రకారం రెండింటినీ కలిపి 612 గ్రాముల వెండి విలువతో పోల్చాలి. అప్పుడు జకాత్ తప్పదు. ఆ బంగారంపై అది ఏటా రెండు గ్రాములు, సుమారు 20 వేల రూపాయలు. దానిని ఆ బంగారం నుంచే చెల్లిస్తూ పోతే పదేళ్ళకు 62 గ్రాములు మిగులుతుంది. అందుకే దానిని పంట సొమ్ము నుంచి చెల్లించేలా లెక్కలో ముందే రాసుకోమన్నాను. బంగారాన్ని పాపకే హిబా చేస్తే ఏమవుతుందని ఇల్లాలు అడిగారు. మైనరు ఆస్తిపై జకాత్ లేదని హనఫీలు, ఉందని మిగతా మూడు మజ్‌హబ్‌ల వారు అంటారు. మీ ఊరి ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవలసిన విషయం.

ఇక కొత్తగా కూడబెట్టడం. నెలజీతం వచ్చేవారికి నెలకింత అని చెప్పవచ్చు. జామరైతుకు నెల లేదు, కాత ఉంది. అందుకే డబ్బును కాక చెట్లను విభజించాము. ఎకరానికి ఖర్చులు పోను లక్షా 20 వేలు మిగులుతుందని ఆయన చెప్పారు. ఇరవై గుంటలంటే అరెకరం, 60 వేలు. వడగళ్ళు, ధర పడిపోయే ఏళ్ళు కూడా ఉంటాయి కనుక 50 వేలుగానే రాసుకున్నాము. బావి పక్కనున్న ఇరవై గుంటల కాత పాపది. పదేళ్ళకు 5 లక్షలు. బాబు కోసం, అల్లం వేసే చేనులో ఇరవై గుంటలు విడదీసి ఈ వానాకాలం కొత్త జామమొక్కలు నాటుతారు. రెండు మూడేళ్ళలో కాపుకు వస్తాయి. అతనికి వ్యవధి ఉంది కదా. ఇంటి ఖర్చులు పోగా మిగిలింది దాస్తామంటే ఏదీ మిగలదని నాకు స్వానుభవం.

ఆ 50 వేలను ఎక్కడ ఉంచాలి? యూసుఫ్ (అ.స.) ఏడు మంచి సంవత్సరాల ధాన్యాన్ని కంకులలోనే ఉంచమని చెప్పిన సంగతి దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. దాచడమే కాదు, చెడిపోని రూపంలో దాచడం కూడా అక్కడ కనిపిస్తుంది. పోస్టాఫీసులోని సుకన్య సమృద్ధి వంటివి వడ్డీ మీద నడిచేవి కనుక వారు వద్దనుకున్నారు. షరీఅత్ నియమాల ప్రకారం బ్యాంకులు, మద్యం, అధిక అప్పులున్న సంస్థలను వదిలి మిగతా షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు మన దేశంలోనూ ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్ వాటిలో ఒకటి. ఇవి పెరుగుతాయి, 2020 మార్చిలోలా పడిపోతాయి కూడా. పది పన్నెండేళ్ళ వ్యవధి ఉన్న సొమ్ముకు తప్ప, మూడేళ్ళలో అవసరమయ్యే సొమ్ముకు ఇవి తగవు. వేలం పాట లేకుండా వంతులవారీగా ఎత్తుకునే చీటీ కూడా, తెలిసినవారి మధ్య అయితే, మంచిదే.

‘హలాల్ లాభం’ అని నెలనెలా పెద్ద మొత్తం ఇస్తామనేవారికి మాత్రం దూరంగా ఉండండి. బెంగుళూరు ఐఎంఏ సంస్థలో సొమ్ము పెట్టిన వేలాది కుటుంబాలు 2019 జూన్‌లో దాని అధిపతి దేశం విడిచి వెళ్ళాక వీధిన పడ్డాయి. వాటిలో పిల్లల చదువుకని దాచిన సొమ్ము కూడా ఉంది. వ్యాపారంలో నష్టం వచ్చే అవకాశం లేదని ఎవరైనా హామీ ఇస్తే, అది వ్యాపారమే కాదు.

ప్రభుత్వ సహాయం గురించి కూడా ఆ సోదరుడు అడిగారు. గ్రామాలలో ఏడాది ఆదాయం లక్షన్నర దాటితే మైనారిటీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. వర్తించినవారికి కూడా పదివేల లోపు ర్యాంకు రాకపోతే ప్రైవేటు ఇంజనీరింగ్‌లో సాధారణంగా వచ్చేది 35 వేలే. ఆ బకాయిలు విడుదల కాలేదనే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. వస్తే అల్హందులిల్లాహ్, కానీ లెక్కలో రాయకండి.

లెక్కను నిజంగా తేలిక చేసేవి వేరే ఉన్నాయి. చాలామంది పద్దెనిమిదో ఏడు గురించి ఆలోచిస్తారు. పెద్ద ఖర్చు పదహారో ఏటే, ఇంటర్‌తోనే మొదలవుతుంది. నా పెద్దమ్మాయిని ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో చేర్చిన రోజున నాకూ ఆ సంగతి తెలిసింది. ఇంజనీరింగ్ కోసం దాచినదంతా ఆ రెండేళ్ళకే అయిపోయింది. మైనారిటీ గురుకులాలలో ఐదో తరగతి నుంచి ఇంటర్ వరకు చదువు, భోజనం, వసతి ఉచితం. పాప ఇప్పుడు మూడో తరగతి. అంటే ఐదులో ప్రవేశానికి రెండేళ్ళే ఉన్నాయి. ఆపైన సంగారెడ్డి జిల్లాలోనే కందిలో ఐఐటీ, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ, 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. ఐఐటీలో ఏటా ట్యూషన్ ఫీజు 2 లక్షలే అయినా, కుటుంబ ఆదాయం లక్ష లోపైతే పూర్తిగా, 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మినహాయిస్తారు. ర్యాంకు రాకపోతే జహీరాబాద్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. దానిని చిన్నచూపు చూడవలసిన పనిలేదు.

పాప వరుసలో చివరికి తేలినది ఇది. బంగారం ఫీజులతో సమానంగా పెరిగితే 17 లక్షలు, 2012 తర్వాతిలా కదలకుండా ఉంటే ఎనిమిదే. దానికి తోట 5 లక్షలు. అంటే పదమూడుకూ ఇరవై రెండుకూ మధ్య. కావలసినది పందొమ్మిదిన్నర. చాలవచ్చు, చాలకపోవచ్చు. చాలకపోయినా వడ్డీ అప్పు కోసం బ్యాంకు గుమ్మం ఎక్కే రోజు మొదటి ఏడాదే రాదు.

ఏటా రమజాన్‌లో జకాత్ లెక్క వేసే రోజున ఈ పేజీ కూడా తీసి, ఆ ఏటి ఫీజు కనుక్కుని పాత అంకె పక్కన రాయమని ఇల్లాలికి చెప్పి లేచాను. బావి వైపు నడుస్తుంటే పాప ఎదురొచ్చి, ఏ చెట్ల దాకా తనవో చూపమని తండ్రిని అడిగింది. ఆయన వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.