గోడ్ అంటే ఎందుకు నవ్వాలి?

 

పోయిన వారం స్టడీ అవర్‌లో ఏడో తరగతి చెల్లి ఒకామె లేచి "ఐ గోడ్ టు మై విలేజ్" అని చదివింది. గదంతా ఒకటే నవ్వు. "ఏ గోడే? వంటగది గోడా, బాత్‌రూం గోడా?" అని రెండు రోజులు ఏడిపించారు. నేను కూడా నవ్వాను, అబద్ధం చెప్పను. తర్వాత నాకే బాగాలేదు. ఆరో తరగతిలో నేనూ అదే అన్నాను మరి. అందుకే గోడ్ గురించి గోడ మీదే రాస్తున్నాను.

గో అంటే వెళ్ళు, పో. ప్లేకి ప్లేడ్, కుక్‌కి కుక్డ్ అయినప్పుడు గోకి వెంట్ ఎక్కణ్ణించి వచ్చింది? గోలో ఉన్న ఒక్క అక్షరం కూడా వెంట్‌లో లేదు! ఇంగ్లీషు మేడంని అడిగితే లైబ్రరీలోని లావు డిక్షనరీ తీసి, తెలుగులో విడమరిచి చెప్పారు.

వెంట్ అసలు గో పిల్ల కాదంట. వెండ్ అని వేరే క్రియ ఉంది. తిరగడం, మళ్ళడం, దారి పట్టి పోవడం అని దాని అర్థం. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ ఉన్నట్టే వెండ్‌కి వెంట్. వెయ్యేళ్ళ కిందట గోకి ఎయోడె అని వేరే భూతకాలం ఉండేది. (ఇది పలకబోయి నేనూ మేడమూ ఇద్దరం నవ్వాం.) 15వ శతాబ్దానికి ఇంగ్లండ్ దక్షిణం వైపు ఆ పాత రూపం పోయి, వెంట్ వచ్చి గో ఇంట్లో కూర్చుంది, ఇల్లరికం వచ్చినట్టు. పాపం వెండ్‌కి మళ్ళీ వెండెడ్ అని కొత్తది చేశారు.

స్కాట్లాండ్ వైపు మాత్రం వెంట్‌ని తెచ్చుకోలేదు. వాళ్ళు గోని గే అంటారు, దానికే డ్ చేర్చి గేడ్ అన్నారు. మన చెల్లి చేసిందీ అదే కదా! ఇంగ్లీషు వాళ్ళ ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా ఒక్కోసారి గోడ్ అంటారంట.

పరీక్షలో వెంట్ అనే రాయాలి, లేకపోతే మార్కు పోతుంది. అది నేను కాదనను. కానీ గోడ్ అన్న పిల్లకి రూలు అర్థమైంది. బట్టీ పట్టిన పిల్లకి ఆ తప్పు కూడా రాదు.

మా ఇంట్లో కోయ మాట్లాడతాం. అమ్మానాన్న బడికి పోలేదు. తెలుగు నేను బళ్ళోనే నేర్చుకున్నాను. తేకి తెచ్చాను కాబట్టి రాకి రాచ్చాను అనుకుని ఒకటో తరగతిలో అలాగే అన్నాను. అందరూ నవ్వారు. నెల రోజులు నోరు విప్పలేదు, జ్వరం వచ్చినా చెప్పలేదు.

ఆ చెల్లి కూడా ఈ వారం ఒక్కసారీ చెయ్యెత్తలేదు. మొన్న కడుపునొప్పి వస్తే ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది.

వార్డెన్ మేడం గారూ, శనివారం ఇంగ్లీషే మాట్లాడాలి, తప్పుకి రూపాయి ఫైన్ అని రూలు ఉంది కదా. శనివారాలు మన డార్మిటరీ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీరు గమనించారా? ఫైన్ తీసేయమని అడుగుతున్నాను. ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఏ భాషలోనైనా చెప్పుకోనివ్వండి.

ఈ శనివారం నేను ఆ చెల్లి పక్కన కూర్చుంటాను. గోడ్ అంటే అననీ. వెంట్ కథ చెప్తాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని