ట్రాక్టరు ఎత్తే బరువెంత? ఆ లాభం ఎవరిది?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో చిన్న ట్రాక్టర్లు తిరగడం కొత్త సంగతి కాదు. 2022లో జిల్లాల హద్దులు మారి పల్నాడు, బాపట్ల వేరు పడ్డాయి గాని పత్తి చేను పత్తి చేనే, మిరప కల్లం మిరప కల్లమే. సాళ్ల మధ్య గుంటక తోలడానికి, మందు కొట్టడానికి ఈ బండ్లు పనికొస్తున్నాయి. ఇప్పుడు వాటి ముందు లోడరు బకెట్టు బిగించి పెంటపోగులు ఎత్తిస్తాం, చెరువు మట్టి పోయిస్తాం, టిక్కీలు ఎక్కిస్తాం అనే మాట మొదలైంది. "ఇరవై నాలుగు హార్స్‌పవర్ అండీ, ఏడు వందల యాభై కిలోలు ఎత్తుద్ది, పదిమంది పని చేసుద్ది" అంటాడు ఏజెంటు. ఆ మాటే రేపు ముఠా కూలి పెంచమని అడిగినప్పుడు ఆసామి నోట బెదిరింపుగా వస్తుంది: "మీరు రాకపోతే పోండి, లోడరు తెస్తా."

అందుచేత ఈ అంకె సంగతి వ్యవసాయ కార్మికులు తెలుసుకుని తీరాలి. యంత్రం ఎంత ఎత్తుతుందో తెలియనివాడు బేరంలో ఓడిపోతాడు.

అంకె అబద్ధం కాదు. మహీంద్రా జీవో 245కూ, కుబోటా నియోస్టార్ బి 2441కూ ఎత్తే శక్తి 750 కిలోలని కంపెనీలు చెబుతున్నాయి. రెండూ 24 హార్స్‌పవర్ బండ్లే. 15 హార్స్‌పవర్ యువరాజ్ 215కు 778 కిలోలని చెబుతున్నారు. చూడండి, ఇంజను చిన్నదానికి అంకె పెద్దది! ఎందుకంటే ఆ అంకె బండి వెనకవైపుది. గొర్రు, నాగలి, రోటవేటరు తగిలించే వెనక కడ్డీల హైడ్రాలిక్ శక్తి అది. దాన్ని ఆ కడ్డీల చివర కొలుస్తారు. వెనక కడ్డీలు ఎత్తేది పనిముట్టు నేల విడిచేదాకా, మహా అయితే నడుమెత్తు. ముందు లోడరు వేరే యంత్రం. దానికి వేరే చేతులు, వేరే సిలిండర్లు. అది ట్రక్కు అంచు దాటి, మనిషి తల దాటి ఎత్తాలి. వెనక అంకె చూపించి ముందు బకెట్టు అమ్మడమంటే ఎద్దు బలం చెప్పి దూడను అమ్మడమే.

మరి ముందు బకెట్టు ఎంత ఎత్తుతుంది? అమెరికాలో ఇళ్ల దగ్గర, చిన్న కమతాల్లో కుబోటా బి.ఎక్స్. తరగతి చిన్న ట్రాక్టర్లు వాడతారు. వాటికి కంపెనీయే చేసిన ఎల్.ఎ. 344 అనే లోడరు ఉంది. పూర్తి ఎత్తులో, బకెట్టు తగిలించే పిన్ను దగ్గర అది ఎత్తేది 739 పౌన్లు, అంటే సుమారు 335 కిలోలు. ఇందులో బకెట్టు సొంత బరువు తీసేయాలి. అది 60 కిలోలు అనుకుందాం. మిగిలింది 275. మన మిరప టిక్కీ 45 కిలోలు వేసుకుంటే ఆరు టిక్కీలు. 750 అంకె ప్రకారం పదహారు టిక్కీలు అనుకున్నచోట ఆరు! ఆ ఆరూ అనుమానమే. బరువు పిన్ను దగ్గర ఉండదు, దానికి ముందు బకెట్టులో ఉంటుంది. బరువు ముందుకు జరిగేకొద్దీ ఎత్తే శక్తి తగ్గుతుంది. కావిడి మోసినవాడికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

గనుక రెండు చిన్న ట్రాక్టర్లను పోల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఈ అంకె ముందుదా, వెనుకదా? పిన్ను దగ్గర కొలిచారా, బకెట్టు నడిమధ్యన కొలిచారా? నేల మీద నుంచి లేపేటప్పుడా, పూర్తి ఎత్తులోనా? వెనక ఎంత బరువు కట్టి కొలిచారు? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు ఇవ్వని లోడరు, కంపెనీదైనా వెల్డింగు షెడ్డులో చేయించిందైనా, బేరానికి పనికిరాదు.

చివరి ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చేది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటి సొంత బరువు టన్ను కూడా ఉండదు. ముందు బకెట్టులో మోతాదు మించి వేస్తే వెనక చక్రాలు తేలిపోతాయి. బ్రేకు పట్టేది వెనక చక్రాలే. వెనక బరువు కట్టకుండా, బకెట్టు పైకెత్తి, తడి రేగడిలో కాలవ గట్టు మీద తిప్పితే బండి పక్కకు పడుతుంది. ఆ సీటు మీద కూర్చునేది ఆసామి కాదు, జీతగాడు. ఎత్తిన బకెట్టు కింద నిలబడి ఎరువు సర్దేదీ మనవాళ్లే. 1923 నాటి పరిహార చట్టం ట్రాక్టరుతో సేద్యం చేసే కార్మికుణ్ణి తన జాబితాలో చేర్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. డ్రైవరు బండి ఎక్కేముందే అతని పేరు, జీతం కాగితం మీద ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున "వాడు మా మనిషి కాదు" అంటారు.

అయితే లోడరును ఊళ్లోకి రానీయవద్దందామా? అది మన దారి కాదు. బరువు మోయడంలో గొప్పతనమేమీ లేదు. పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించిన చోట త్వరగా ఆ మేరకు తగ్గించాలనీ, స్త్రీల బరువు దానికంటే బాగా తక్కువ ఉండాలనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు. ఇరవై కిలోలు అదనంగా మన వెన్నుపూస మీద పెట్టి ఇన్నేళ్లు వ్యవసాయం నడిపించారు. ఆ బరువు ఇనుము మోస్తే మంచిదే. పైగా ఏ లోడరూ మిరపకాయ కోయదు, పత్తి తీయదు. కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చే ఆడకూలీలు నడుము వంచితేనే కల్లం ఎర్రబడుతుంది. లోడరు తెస్తాననే బెదిరింపు వాళ్ల కూలి దగ్గర చెల్లదు.

అసలు తగాదా యంత్రంతో కాదు, దాని యాజమాన్యంతో. 2022 జూన్ 7న గుంటూరు చుట్టుగుంటలో అప్పటి ప్రభుత్వం యంత్రసేవ పథకం కింద 3,800 ట్రాక్టర్లు, 320 కోత యంత్రాలు పంపిణీ చేసింది. 40 శాతం సబ్సిడీ, 50 శాతం సహకార బ్యాంకు అప్పు, 10 శాతం బృందం వాటా. ఆ బృందం రైతుల బృందమే, కూలీల ముఠా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కొనగలిగిన వాడికే. 1974లో సుందరయ్యగారు గుంటూరు జిల్లా అనంతవరంలో ఇంటింటికీ వెళ్లి సర్వే చేసినప్పుడు వేసిన ప్రశ్న భూమి ఎవరిదని. ఈనాడు దాని పక్కన ఇంకొకటి రాసుకోవాలి: యంత్రం ఎవరిది?

ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే చట్టం చేశారు. దాని నీడ పల్లెలోని కల్లం దాకా వచ్చిందా? ఈ ప్రశ్న ప్రతి మండల కార్యాలయంలోనూ అడగాలి. దానితో పాటు మన కోర్కెలు స్పష్టంగా పెట్టాలి.

సబ్సిడీ మీద ఇచ్చే ట్రాక్టరు, లోడరు భూమి లేని కూలీల ముఠాలకూ, కౌలు రైతులకూ, మహిళా సంఘాలకూ ఇవ్వాలి. లోడరు ఎత్తే బరువు, వెనక కట్టవలసిన బరువు తెలుగులో బండి మీదే రాయించాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన కూలీ పిల్లలకు అక్కడ శిక్షణ ఇప్పించాలి. లోడరు దిగిన కల్లంలో ముఠా రేటు తగ్గించకూడదు. బస్తా బరువు 50 కిలోలు దాటకూడదు.

ఏజెంటు కరపత్రం పట్టుకుని ఊళ్లోకి వచ్చినప్పుడు ఊరుకోవద్దు. ముఠా అంతా చుట్టూ చేరి ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఆసామి "లోడరు తెస్తా" అన్నప్పుడు టిక్కీల లెక్క వేసి చూపించండి. ఆ తరవాత కూలి రేటు మాట్లాడండి.