పిల్లి నక్షత్రము, ఎలుక నక్షత్రము

ఖాజాగూడ గుట్టల యెదుట నిలిచి చూచువారికి ఒక బండ ఏనుగువలెను, వేఱొకటి తాబేలువలెను తోచును. నాలుగడుగులు ప్రక్కకు నడచినచో ఏనుగు మాయమగును. బండ మాత్రము నిలుచును. ఆ రూపము మన కంటిదేకాని రాతిది కాదు. ఆ గుట్టల చెంతనే సాఫ్టువేరు కొలువులు చేయు విద్యావంతులు వివాహవిషయమున ఈ సత్యమును మఱచుచుండుట శోచనీయము.

చీనావారు ఎలుక మొదలు పంది వఱకు పండ్రెండు జంతువులను సంవత్సరములకు ముడిపెట్టిరి. ఎలుకయేట పుట్టినవాడు యుక్తిపరుడట, ఎద్దుయేటివాడు ఓర్పుగలవాడట! మనవారు దీనిని చదివి నవ్వుదురు. ఒక తరగతిలోని బాలురందఱును ఇంచుమించు ఒక్కయేటివారే గదా. వారందఱిది ఒకే స్వభావమని యే యుపాధ్యాయుడు చెప్పగలడు?

అయితే మన యింటనున్న పదునాలుగు జంతువుల మాటయేమి? అశ్వినికి గుఱ్ఱము, భరణికి ఏనుగు, ఆశ్లేషకు పిల్లి, మఖకు ఎలుక. పొంతనలోని 36 గుణములలో 4 యోనికూటమునకే చెల్లును. పిల్లికి ఎలుకయు, ఆవునకు పులియు శత్రువులు గనుక ఆ సంబంధము తగదందురు. ఆశ్లేష వెళ్లి మఖ వచ్చు వేళ ఒకే ప్రసూతిగృహమున అయిదు నిమిషముల తేడాతో పుట్టిన శిశువులలో ఒకరు పిల్లి, ఒకరు ఎలుక! కంప్యూటరు లెక్కగట్టినంత మాత్రమున ఇది శాస్త్రమగునా?

ఇది వట్టి వినోదము కాదు. మూలానక్షత్రమున జనించిన కన్య మామకు చేటని యెన్ని సంబంధములు తప్పిపోవుటలేదు! జపానులో 1966 అగ్ని అశ్వవత్సరము. ఆ యేట పుట్టిన ఆడుది మగని బలిగొనునని భయపడిరి. 1965లో 18 లక్షలు దాటిన జననములు ఆ యేడు సుమారు 13 లక్షల 60 వేలకు పడిపోయెను. ఆ 1966 ఉగాదియే మనకు పరాభవనామ సంవత్సరాది. పేరు పరాభవమైనను తెలుగుతల్లులు బిడ్డలను కనుటకు వెఱచిరా? అరువది యేండ్లు తిరిగి 2026లో ఆ రెండును మరల కలిసినవి. ఏటి పేరునకు వెఱవని మనము నక్షత్రమునకేల వెఱవవలె?

పెద్దల యాచారమందురా? పరదేశపు మౌఢ్యమును నవ్వి స్వదేశపు మౌఢ్యమునకు మ్రొక్కుట దేశభక్తి కాదు. శాస్త్రీయదృష్టిని పెంపొందించుట పౌరధర్మమని 1976లో మన రాజ్యాంగముననే చేర్చుకొంటిమి. తండ్రులారా! వరుని నడవడి విచారింపుడు, వధువు సమ్మతి నడుగుడు. మనుష్యులను మనుష్యులుగా చూడుడు. పిల్లిని పిల్లిగా, ఎలుకను ఎలుకగా వదలుడు.