బస్తా అంటే ఎన్ని కిలోలు?

పిల్లలూ! ఈ మధ్య మీ ఉత్తరాలలో ఒక ప్రశ్న తరచుగా వస్తున్నది. "కంప్యూటరుకు పని చెప్పే ప్రోగ్రాములను ఇప్పుడు కంప్యూటరే రాసేస్తుందట గదా! ఇక మేము నేర్చుకోవటం దేనికి?" అని మీరు అడుగుతున్నారు. మీ అమ్మానాన్నలు కూడా కొందరు ఇదే మాట రాశారు. దీనికి జవాబు చెప్పేముందు 2025 సంక్రాంతికి మా ఇంట జరిగిన సంగతి ఒకటి చెబుతాను, వినండి.

మా నాన్నగారిది తెనాలి దగ్గర ఒక పల్లె. ఆయన పెద్దవాడు. చుట్టుపక్కల చిన్న రైతులందరికీ ధాన్యం లెక్కలు ఆయనే రాసి పెడతాడు. ఆ పండక్కి మా అక్కయ్య కొడుకు బాపట్ల నుంచీ, మా చెల్లెలి కూతురు రేపల్లె నుంచీ వచ్చారు. బాపట్ల మీదుగా వచ్చే పెద్ద లైనూ, రేపల్లె నుంచి వచ్చే శాఖ లైనూ తెనాలిలో కలుస్తాయి. అందుచేత ఇద్దరూ స్టేషనులోనే కలుసుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి చేరారు. వాడు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్నాడు. అమ్మాయి పదో తరగతి. పైతాన్ అనే కంప్యూటరు భాష కొత్తగా నేర్చుకుంటున్నది.

మనమలను చూడగానే నాన్నగారు, "పొద్దస్తమానం ఈ గుణకారాలు చెయ్యలేకుండా ఉన్నానర్రా. ఎవరివి ఎన్ని బస్తాలో చెబితే, మద్దతు ధర ప్రకారం ఎంత డబ్బు రావాలో మీ కంప్యూటరు చెబుతుందా?" అని అడిగాడు.

"ఓ! ఎందుకు చెప్పదు?" అన్నారు ఇద్దరూ.

2024-25 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,300 రూపాయలు మద్దతు ధరగా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ అంకె ఇద్దరికీ చెప్పి నాన్నగారు పొలానికి వెళ్ళాడు. అమ్మాయి పాత పద్ధతిలో పనికి కూచున్నది. అబ్బాయి కొత్త పద్ధతిలో కూచున్నాడు.

పాత పద్ధతి ఏమిటి, కొత్త పద్ధతి ఏమిటి అని మీరు అడుగుతారు. చెబుతాను.

కంప్యూటరుకు మన భాష తెలియదు. దానికి తెలిసినవి సున్నాలూ, ఒకట్లే. మొదటి రోజులలో మనుషులే ఆ అంకెల భాషలో పని చెప్పవలసి వచ్చేది. అమెరికాలో గ్రేస్ హాపర్ అనే గణిత విద్వాంసురాలు, ఈ అనువాదం పని కంప్యూటరు చేతనే ఎందుకు చేయించగూడదు అని ఆలోచించి, 1952లో అందుకు ఒక సాధనం తయారు చేసింది. అటువంటి దాన్ని కంపైలరు అంటారు. 1957లో ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ అనే భాషను తెచ్చింది. అప్పట్లో ప్రోగ్రామును అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టేవారు. ఒక్కొక్క కార్డు ఒక్కొక్క వరుస. కార్డుల కట్ట యంత్రం దగ్గర ఇచ్చి, తమ వంతు కోసం కాచుకోవలసి వచ్చేది. ఒక చిల్లు తప్పు పడితే మళ్ళీ మొదటికి వచ్చేది!

తరవాత తెర మీద రాయటం వచ్చింది. 1983లో వచ్చిన టర్బో పాస్కల్ అనే సాధనంలో రాయటం, అనువదించటం, తప్పు ఎక్కడ ఉన్నదో చూపటం, అన్నీ ఒక్క చోటనే జరిగేవి. వడ్రంగి కొట్టంలో బాడిసా, ఉలీ, చిత్రికా అందుబాటులో ఉన్నట్టు, ప్రోగ్రాము రాసేవాడి పనిముట్లన్నీ ఒకే గదిలో చేరాయన్నమాట. మా మేనకోడలు కూచున్నది ఇటువంటి గదిలోనే. ఇక్కడ పనిముట్లు మంచివే, కాని పని మాత్రం మనమే చెయ్యాలి.

కొత్త పద్ధతిలో ఆ గదిలోకి ఒక సహాయకుడు కూడా వచ్చాడు. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనేదాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేశారు. తరవాత అటువంటివి అనేకం వచ్చాయి. వీటిని కృత్రిమ మేధ సహాయకులు అంటారు. మనుషులు రాసి పెట్టిన లెక్కలేనన్ని ప్రోగ్రాములతో వీటికి తరిఫీదు ఇస్తారు. ఏ మాట తరవాత ఏ మాట వస్తుంది, ఏ వరుస తరవాత ఏ వరుస వస్తుంది అన్నది వీటికి బాగా పట్టుబడుతుంది. మనం మామూలు మాటలలో మనకు కావలసింది చెబితే, అందుకు తగిన ప్రోగ్రామును ఊహించి రాసేస్తాయి. "ఊహించి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉన్నది.

మా మేనల్లుడు రెండే వాక్యాలు టైపు చేశాడు. వాడి గ్లాసులో కాఫీ చల్లారే లోపల ప్రోగ్రాము తయారయింది! చక్కటి పట్టిక, పైన రంగుల శీర్షిక, కింద మొత్తం. బస్తాల అంకెలు వేసి, ఊళ్ళోని ప్రింటరు మీద కాగితాలు కూడా అచ్చు తీయించాడు.

ఇక్కడ అమ్మాయి ఇంకా నాలుగో వరుసలోనే ఉన్నది. ఒక చోట కోలన్ గుర్తు పెట్టటం మరిచిపోయింది. కంప్యూటరు వెంటనే ఆ వరుస చూపించి, "ఇక్కడ వ్యాకరణం తప్పింది" అని ఆగిపోయింది. దిద్దుకున్నది. ఒక పేరు ఒక చోట ఒక రకంగా, మరొక చోట మరొక రకంగా రాసింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ దిద్దుకున్నది.

"ఏం చెల్లాయీ, వచ్చే సంక్రాంతికైనా అవుతుందా?" అని వాడు నవ్వాడు.

అమ్మాయి బదులు చెప్పలేదు. క్వింటాలు అంటే 100 కిలోలు అని దానికి తెలుసు. కాని బస్తాలను కిలోలలోకి మార్చే వరుస రాయబోయే సరికి చెయ్యి ఆగిపోయింది. ఆ అంకె తెలియందే తరవాతి వరుస రాయటానికి వీలు లేదు. తాతయ్య పొలం నుంచి వచ్చిందాకా ఆగి, "తాతయ్యా, బస్తా అంటే ఎన్ని కిలోలు?" అని అడిగింది.

"మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలమ్మా" అన్నాడు తాతయ్య.

ఈ లోపల ఒక కౌలు రైతు వచ్చి తన కాగితం తీసుకున్నాడు. ఆయనవి 40 బస్తాలు. కాగితం మీద 46,000 రూపాయలని ఉన్నది. ఆయన దాన్ని రెండు మూడు సార్లు చూసి, మడిచి జేబులో పెట్టుకుని, అరుగు మీద చాలాసేపు కూచున్నాడు.

"ఏమిటి, అలా ఉన్నావు?" అని నేను అడిగాను.

"ఏమీ లేదు బాబూ. ఇంకా ఎక్కువ వస్తుందనుకున్నాను. కౌలూ, అప్పూ పోను పిల్ల కాలేజీ ఫీజుకు మిగిలేటట్టు లేదు. ఈ ఏడు మాన్పించేస్తాను. కంప్యూటరు వేసిన లెక్కలో తప్పు ఉండదు గదా!" అని లేచి వెళ్ళిపోయాడు.

చీకటి పడే వేళకు అమ్మాయి ప్రోగ్రాము పూర్తి అయింది. పరీక్ష చూద్దామని అదే 40 బస్తాల అంకె వేసింది. 69,000 వచ్చింది!

ఇద్దరి లెక్కకూ తేడా 23,000 రూపాయలు. "నా ప్రోగ్రాములో ఒక్క తప్పు కూడా లేదు. ఒక్కసారి కూడా ఆగలేదు" అన్నాడు అబ్బాయి. "నాది పది సార్లు ఆగింది" అన్నది అమ్మాయి దిగులుగా.

నాన్నగారు ఇద్దరి మాటా వినకుండా కాగితం, పెన్సిలు తీసుకున్నాడు. 40 బస్తాలు, బస్తాకు 75 కిలోల చొప్పున 3,000 కిలోలు. అంటే 30 క్వింటాళ్ళు. 30 ని 2,300 చేత హెచ్చవేస్తే 69,000.

అప్పుడు అబ్బాయి తన ప్రోగ్రామును మొదటిసారి వరుస వరుసా చదివాడు. మధ్యలో ఒక చోట, బస్తా అంటే 50 కిలోలు అని ఉన్నది. ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు. బియ్యం బస్తానో, సిమెంటు బస్తానో అనుకున్నదో ఏమో, తనంత తానే 50 వేసుకుని ముందుకు పోయింది. 40 బస్తాలు 2,000 కిలోలయినాయి, 20 క్వింటాళ్ళయినాయి, 46,000 అయినాయి.

"బస్తా 75 కిలోలు" అని వాడు టైపు చేశాడు. సహాయకుడు వెంటనే తప్పు ఒప్పుకుని, క్షణంలో దిద్ది ఇచ్చాడు. అది చూసి నాన్నగారు, "బాగానే ఉన్నది. మరి నువ్వు 60 అంటే?" అని అడిగాడు. వాడు అలాగే టైపు చేశాడు. సహాయకుడు అంతే మర్యాదగా 60 వేసి ఇచ్చాడు!

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. ఇక ఒక్క మాట మాట్లాడకుండా కొత్త కాగితం అచ్చు తీయించి, సైకిలు వేసుకుని ఆ రాత్రే రైతు ఇంటికి వెళ్ళాడు. తిరిగి వచ్చే సరికి తొమ్మిది దాటింది. "ఏమన్నాడురా?" అంటే, "నన్ను ఒక్క మాట కూడా అనలేదు మామయ్యా. వాళ్ళ అమ్మాయిని పిలిచి కాగితం చదివించుకున్నాడు" అని మాత్రం చెప్పాడు.

పిల్లలూ! పాత పద్ధతిలో ఆగిపోవటం ఒక చికాకే. కాని ఆ ఆగటం వల్లనే అమ్మాయికి అడగవలసిన ప్రశ్న దొరికింది. కొత్త పద్ధతిలో ప్రశ్న రాకముందే జవాబు వచ్చేసింది. అందుచేత అడగాలన్న ఆలోచనే పుట్టలేదు.

అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి తలుచుకోండి. అక్షరం తప్పు పడితే పట్టుకుంటాడు. కాని "రైతుకు రెండు ఎకరాలు" అనవలసిన చోట "ఇరవై ఎకరాలు" అని తప్పు లేకుండా రాసి ఉంటే ఆయన ఏం చెయ్యగలడు? కంపైలరు కూడా అంతే. వ్యాకరణం చూస్తుంది గాని నిజం చూడదు. సహాయకుడు రాసిన దానిలో వ్యాకరణం సాధారణంగా బాగానే ఉంటుంది. అందువల్లనే దానిలోని తప్పు తొందరగా కంటికి కనిపించదు.

అయితే పాత పద్ధతే మంచిదా? తొందరపడకండి. మర్నాడు ఏం జరిగిందో కూడా వినండి.

ఒక రైతువి పన్నెండున్నర బస్తాలు. అమ్మాయి 12.5 అని వెయ్యగానే దాని ప్రోగ్రాము చతికిలపడింది. రెండు గంటలు కుస్తీ పట్టినా కారణం అంతుపట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అబ్బాయి, "దిద్దమని అడగవద్దు. ఎందుకు ఆగిందో అడుగుదాం" అని, ఆ తప్పును సహాయకుడికి చూపాడు. "మీరు పూర్ణాంకాలు మాత్రమే తీసుకోమని రాశారు. 12.5 పూర్ణాంకం కాదు" అని జవాబు వచ్చింది. అమ్మాయి "ఓహో!" అని, ఆ వరుస తన చేతితో తానే మార్చుకున్నది. పంతులుగారు పక్కన లేని చోట ఇటువంటి సాయం చిన్నది కాదు. పెద్ద కంపెనీలలో పని చేసేవారికి కూడా, చేసిందే చేసే విసుగు పని ఎంతో తగ్గుతుంది.

మరి ఎవరు గెలిచారు? ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. సహాయకుడికి పని చెప్పేముందు, మనకు తెలిసిన సంగతులన్నీ చెప్పాలి. తెలియనివి తెలిసినవారిని అడగాలి. అది రాసింది వరుస వరుసా చదవాలి. అర్థం కాని వరుసను ఉంచగూడదు. చివరకు, జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి చేతితో చేసి, దానితో సరిచూడాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మా మేనల్లుడి ఊరి పేరుతో ఒక వరి వంగడం ఉన్నది, బి.పి.టి. 5204. సాంబ మసూరి అని కూడా అంటారు. బి.పి.టి. అంటే బాపట్లే. అది 1986లో రైతులకు విడుదల అయింది. గింజ అందంగా ఉన్నదని చెప్పి ఏ వంగడాన్నీ రైతు చేతిలో పెట్టెయ్యరు. ముందు మడులలో పండించి, దిగుబడి కొలిచి, పరీక్షించి మరీ ఇస్తారు. పొలంలో వేసే విత్తనానికి ఉన్న జాగ్రత్త, రైతు జేబులో పెట్టే కాగితానికి ఉండవద్దా?

అందుచేత, "కంప్యూటరే రాస్తుంటే మేము నేర్చుకోవటం దేనికి?" అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అది రాసింది తప్పో ఒప్పో చెప్పటానికి నేర్చుకోవాలి. మొదట కొన్నాళ్ళు పాత గదిలో కూచుని, పది సార్లు ఆగి, పది సార్లు దిద్దుకోండి. తరవాత సహాయకుణ్ణి పిలవండి. అప్పుడు వాడు మీకు నౌకరుగా ఉంటాడు. ముందే పిలిస్తే వాడే యజమాని అయి కూచుంటాడు. తల్లిదండ్రులు కూడా, "ఎంత తొందరగా చేశావు?" అని కాక, "ఇది సరి అని నీకు ఎలా తెలుసు?" అని పిల్లలను అడగటం మంచిది.

ఇక ఈ నెల మీకొక పని. సహాయకుడు బస్తాను 50 కిలోలు అనుకోక, క్వింటాలు అనుకుని ఉంటే, ఆ రైతు కాగితం మీద ఎంత పడి ఉండేది? దానివల్ల ఆయనకు లాభం కలిగేదా, ఇంకా పెద్ద ఇబ్బంది కలిగేదా? లెక్క చేతితో చెయ్యండి. రెండో ప్రశ్నకు జవాబు ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి రాయండి. దానికి ఏ కంప్యూటరూ అక్కర్లేదు!