టెండరు రహస్యం ఎంతకాలం?

వీధి దీపం, మురుగు కాలువ, త్రాగునీటి గొట్టం మొదలైనవి లేనిదే నగర జీవితం ఒక్క దినమైనా సాగదు. ఈ పనులలో అధిక భాగాన్ని పురపాలక సంఘాలు కాంట్రాక్టర్ల చేత చేయిస్తున్నవి. వాటికి వెచ్చించే ధనంలో మనమందరం చెల్లించే పన్నుల సొమ్ము ఉన్నది. కనుక ఏ పని ఎవరికి, ఏ ధరకు అప్పగించారో తెలుసుకోవాలని పౌరుడు కోరడం సహజం.

మా వీధిలో మురుగు కాలువపై పరచిన పలకలు మొదటి వానకే కుంగిపోయినవి. ఆ పనికి ఒప్పుకున్న రేటెంత, షరతులేమిటి అని పెద్దలు కొందరు కార్యాలయానికి వెళ్ళి విచారించగా, టెండరు కాగితాలు రహస్యమన్న ఒక్క మాటతో వారిని త్రిప్పి పంపారు. ఆ మాటలో సత్యం కొంత, అసత్యం కొంత ఉన్నవి. ఆ రెంటిని వేరుచేసి చూపడమే మా ఉద్దేశం.

ముందుగా సత్యాన్ని అంగీకరిద్దాం. సీలు వేసిన కవరులో ధర కోరే పద్ధతి ఊరక పుట్టలేదు. ఒకరి రేటు మరొకరికి ముందే తెలిస్తే, ఆ రెండవ వ్యక్తి తనకు గిట్టుబాటయ్యే కనీస ధరను వ్రాయడు. మొదటివాని కంటే ఏ కొంచెమో తగ్గించి పని దక్కించుకుంటాడు. లేదా ఇద్దరూ కుమ్మక్కై రేటు పెంచుతారు. ఎటు చూచినా నష్టపోయేది ప్రజాధనమే. టెండర్లు తెరచిన పిదప సాగే బేరసారాలలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందుచేతనే కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో, అసాధారణ పరిస్థితులలో తప్ప, కనీస ధర కోరినవారితో సైతం అట్టి బేరమాడరాదని తన పరిధిలోని సంస్థలను ఆదేశించింది. కనుక నిర్ణయం వెలువడే వరకు గోప్యత పాటించడం ధర్మమే.

మరి నిర్ణయం వెలువడిన తరువాత? విద్యార్థులమైన మనకు ప్రశ్నపత్రం సంగతి తెలియనిది కాదు. పరీక్షకు ముందు అది బయటపడితే నేరం. పరీక్ష ముగిసిన పిదప అదే పత్రం అందరి చేతులలో ఉంటుంది. 2011లో చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలకు సంబంధించిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం ఈ భేదాన్నే గుర్తించింది. ఒక దశలో రహస్యంగా ఉంచదగిన సమాచారం ఆ దశ దాటిన తరువాత కూడ రహస్యంగానే ఉండనవసరం లేదని తెలిపింది. టెండరుకు కూడ ఈ న్యాయమే వర్తించాలని మా అభిప్రాయం.

2005 నాటి సమాచార హక్కు చట్టం వ్యాపార రహస్యాలకు రక్షణ కల్పించింది. అయితే విశాల ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు ఆ రక్షణ అడ్డు రాదని 8వ సెక్షన్ చెబుతున్నది. కాంట్రాక్టరు గోప్యమని ఇచ్చిన సమాచారాన్ని వెల్లడించదలచిన అధికారి, దరఖాస్తు అందిన 5 రోజులలో అతనికి నోటీసు ఇవ్వాలి. అతడు 10 రోజులలో తన అభ్యంతరం చెప్పుకోవచ్చు. కాని నిర్ణయించవలసినది అధికారియే గాని కాంట్రాక్టరు కాదు. రహస్యమైన భాగాన్ని తొలగించి తక్కినది ఇచ్చే మార్గం 10వ సెక్షన్‌లో ఉన్నది. కావున ఒక కంపెనీ తన యంత్ర నిర్మాణ రహస్యాన్ని దాచుకుంటే దాచుకోవచ్చు. ఆమోదించిన రేటు, పని పరిమాణం, గడువు, షరతులు దాచడానికి మాత్రం హేతువు కనబడదు.

ఉర్దూ భాషలో ‘అమానత్’ అని చక్కని మాట ఉన్నది. ఒకరు నమ్మి మరొకరి వద్ద ఉంచిన సొత్తు అని దాని అర్థం. కాంట్రాక్టరు ఇచ్చిన సీలు కవరు అధికారి వద్ద అమానత్. ప్రజలిచ్చిన పన్ను కూడ అమానత్. మొదటిదానిని గడువు వరకు భద్రపరచాలి. రెండవదానికి లెక్క చెప్పాలి. మొదటిదాని పేరు చెప్పి రెండవదానిని ఎగవేయడం న్యాయం కాదు.

ఇతరులకు నీతి చెప్పేముందు మన ఇంటిని చక్కదిద్దుకోవడం మేలు. ప్రయోగశాల సామగ్రికి, బల్లలకు, బీరువాలకు కొటేషన్లు పిలిచినప్పుడు, నిర్ణయమయ్యే వరకు వాటిని గోప్యంగా ఉంచి, ఆ మరునాడే ఆమోదించిన రేట్లను నోటీసు బోర్డుపై ఉంచవలసినదిగా మా కళాశాల కమిటీ వారిని సవినయంగా కోరుతున్నాము. ఆ పద్ధతి ఇక్కడ అలవడితే, రేపు పురపాలక సంఘాలలో ఉద్యోగులుగానో సభ్యులుగానో కూర్చొనే మన విద్యార్థులు పౌరుని ప్రశ్నకు ముఖం చాటు చేయరని మా విశ్వాసం.