కష్టంగా ఎగిరే హెలికాప్టరే కావాలి

కంప్యూటర్‌లో హెలికాప్టర్ నడపడం అంటే బటన్ నొక్కగానే రాకెట్లు వదిలే ఆటే చాలామందికి గుర్తొస్తుంది. అలాంటి ఆటలకు కొదవ లేదు, వాటి గురించి ఇక్కడ చెప్పేదీ లేదు. అయితే 2008లో ఈగిల్ డైనమిక్స్ సంస్థ రష్యన్ కా-50 యుద్ధ హెలికాప్టర్‌ను ‘బ్లాక్ షార్క్’ పేరుతో ఇంటి కంప్యూటర్లకు తెచ్చినప్పటి నుంచి వేరే తరహా సిమ్యులేటర్ ఒకటి బలపడుతూ వచ్చింది. అదే సంస్థ నడిపే డీసీఎస్ వరల్డ్‌లో ఆ తర్వాత హ్యూయీ, ఎంఐ-8, 2021లో ఎంఐ-24పీ, 2022లో అపాచీ ఏహెచ్-64డీ చేరాయి. వీటిలో కూర్చున్నవాళ్లు బ్యాటరీ స్విచ్ వేయడం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఇంజిన్‌నూ వరసగా స్టార్ట్ చేసి, రోటర్ పూర్తి వేగం అందుకున్నాకే నేల వదలాలి. మాన్యువల్ వందల పేజీలు ఉంటుంది. ఇంతా చేసి గాల్లోకి లేచిన కొత్తవాళ్లు కొన్ని సెకన్లలోనే పక్కకు ఒరిగి నేలను గుద్దుకుంటారు. కాసేపు కాలక్షేపానికి ఇంత యాతన దేనికి, కాస్త తేలిక చేస్తే పోలేదా అనే మాట తరచూ వినిపిస్తుంది. తేలిక చేయకూడదన్నదే నా వాదన. ఆ యాతన తీసేస్తే అందులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అది ఉంది కాబట్టే ఆ సిమ్యులేటర్‌కు మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చోటివ్వాలి.

యాతన ఎక్కడుందో ముందు చూద్దాం. పైలట్ ఎడమచేతి దగ్గరుండే కలెక్టివ్‌ను పైకి లాగితే రోటర్ రెక్కలన్నిటి కోణం ఒక్కసారే పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. కుడిచేతిలోని సైక్లిక్ ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ల కింది పెడల్స్ తోక రోటర్‌ను అదుపు చేస్తాయి. విడివిడిగా చెబితే పదేళ్ల పిల్లలకైనా అర్థమవుతుంది. చిక్కల్లా ఒకదాన్ని కదిలిస్తే మిగతావన్నీ చెదరడంలో ఉంది. కలెక్టివ్ లాగితే రోటర్‌ను తిప్పే బలం, అంటే టార్క్, పెరిగి హెలికాప్టర్ ఒళ్లు రోటర్‌కు ఎదురు దిశలో తిరగబోతుంది. దాన్ని పెడల్‌తో ఆపాలి. పెడల్ తొక్కితే తోక రోటర్ మొత్తం యంత్రాన్ని పక్కకు నెడుతుంది. దానికి సైక్లిక్‌తో కాయాలి. సైక్లిక్ వంచితే పైకెత్తే బలం కొంత తగ్గి కిందికి దిగుతుంది. మళ్లీ కలెక్టివ్. హ్యూయీ లాంటి అమెరికన్ హెలికాప్టర్లలో కలెక్టివ్ లాగేటప్పుడు ఎడమ పెడల్ తొక్కాలి. రష్యన్ ఎంఐ-8 రోటర్ అందుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కాబట్టి అందులో కుడి పెడల్ తొక్కాలి. ఒకదానికి అలవాటుపడ్డ కాళ్లు రెండోదానిలో తప్పటడుగులు వేస్తాయి. ఇక గాలిలో ఒకచోట కదలకుండా నిలపడం, అంటే హోవర్, అరచేతిలో కర్ర నిలబెట్టడం లాంటిది. కర్ర ఒరిగాక చెయ్యి కదిపితే ఆలస్యమైపోయినట్టే. ఒరగబోతోందని తెలియగానే కదపాలి.

అలా ముందే తెలుసుకోవడం ఎలాగో డీసీఎస్ అపాచీలో కళ్లకు కనిపిస్తుంది. అసలు అపాచీలో పైలట్ హెల్మెట్‌కు కుడికంటి ముందు ఒక చిన్న గాజు పలక అమర్చి ఉంటుంది. ఎత్తు, వేగం, దిక్కు, టార్క్ అన్నీ దాని మీదే కనబడతాయి. సిమ్యులేటర్ అదే అమరికను మన తెర మీద గీస్తుంది. హోవర్‌కు వాడే అమరికలో మధ్య నుంచి ఒక గీత బయలుదేరుతుంది. హెలికాప్టర్ ఎటు జారుతోంది, ఎంత వేగంతో జారుతోంది అన్నది ఆ గీత చెబుతుంది. దానితోపాటు ఒక చిన్న సున్నా తిరుగుతూ ఉంటుంది. వేగం ఎటు మారబోతోందో చెప్పేది ఆ సున్నా. కొత్తవాళ్లు గీతనే చూస్తూ సైక్లిక్‌ను దానికి ఎదురు లాగుతారు. గీత కురచయ్యేసరికి సున్నా అప్పటికే అవతలి పక్కకు వెళ్లిపోయి ఉంటుంది. దాని వెంటే హెలికాప్టర్ అటు జారుతుంది. ఊపు పెరిగి పెరిగి చివరికి తోక నేలకు తగులుతుంది. గీత మీద నుంచి చూపు మళ్లించి సున్నాను మధ్యకు తెచ్చి అక్కడే ఉంచగలిగితే గీత దానంతటదే వచ్చి చేరుతుంది. వేగానికీ త్వరణానికీ తేడా ఇంటర్మీడియట్‌లో నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఆ తేడా చేతివేళ్లకు తెలిసేది ఇలాంటి చోటే. అపాచీలో హెలికాప్టర్‌ను ఒకచోట పట్టి ఉంచే ఆటోమేటిక్ హోల్డ్ లేకపోలేదు. కానీ జారే వేగం 5 నాట్ల లోపుకు తెస్తేనే అది పనిచేస్తుంది. అంటే దాదాపు నిలబెట్టగలిగినవాళ్లకే ఆ సాయం అందుతుంది. ఒక్క మీటతో అన్నీ సర్దుకుపోయే ఆటలో ఈ సున్నాకు పనే లేదు, అది నేర్పే పాఠమూ ఉండదు.

చేతికి సహజంగా తోచిన పనే ముంచే సందర్భం మరొకటి ఉంది. ల్యాండింగ్‌కు వస్తున్న పైలట్ ముందుకు పోయే వేగాన్ని బాగా తగ్గించేసి, నిమిషానికి 300 అడుగులకు మించి దిగుతూ ఉంటే, రోటర్ తాను కిందికి తోసిన గాలిలోకే తాను దిగడం మొదలవుతుంది. ఆ గాలి రెక్కల అంచుల చుట్టూ సుడి తిరిగి మళ్లీ పైనుంచి రోటర్‌లోకే వస్తుంది. దీన్ని వోర్టెక్స్ రింగ్ స్టేట్ అంటారు. ముందు సన్నగా వణుకు మొదలవుతుంది, తర్వాత హెలికాప్టర్ రాయిలా పడుతుంది. పడిపోతుంటే ఎవరైనా కలెక్టివ్ పైకి లాగుతారు. లాగితే సుడి ఇంకా బలపడుతుంది. తప్పించుకోవాలంటే సైక్లిక్ ముందుకు వంచి వేగం తెచ్చుకుని ఆ గాలిలోంచి బయటపడాలి, అందుకు కింద ఎత్తు మిగిలి ఉండాలి. డీసీఎస్‌లో హ్యూయీ, ఎంఐ-8 నేర్చుకునేవాళ్లు మొదట్లో ఎక్కువగా కూలేది ఇందులోనే. నాలుగుసార్లు కూలాక చూపు నేల మీద నుంచి దిగే వేగం చూపే ముల్లు మీదకు మళ్లుతుంది. పాఠ్యపుస్తకంలో ఈ విషయానికి ఒక పేరా, ఒక బొమ్మ ఉంటే గొప్ప. ఆ పేరా చదివినవాళ్లు కూడా కలెక్టివ్ లాగుతారు, ఎందుకంటే చదువు ఇంకా చేతిదాకా దిగలేదు.

ఇక్కడే నా వాదనలో ముఖ్యమైన భాగం ఉంది. హెలికాప్టర్ నడపడంలో కఠినమైనది చేతిపని ఒక్కటే అయితే అభ్యాసంతో అది అందరికీ వస్తుంది. ధ్యాసను పంచుకోవడం అంత తేలిగ్గా రాదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో కూలిన బెల్ 430ని తెలుగువాళ్లెవరూ మరచిపోలేదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో వచ్చిన సమస్యను తేల్చుకోవడంలో సిబ్బంది 6 నిమిషాలకు పైగా మునిగిపోయారని, బయట వాతావరణం బాగా చెడిందని విచారణ కమిటీ తేల్చింది. 2021 డిసెంబర్ 8న తమిళనాడులోని కూనూరు దగ్గర అప్పటి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17వీ5 కూలి 14 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో మన చిత్తూరు జిల్లా జవాను ఒకరు. యంత్రలోపం, విద్రోహం, నిర్లక్ష్యం ఏవీ కారణం కాదని, లోయలో వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్లిందని, పైలట్‌కు దిక్కూ వాలూ తెలియకుండా పోయాయని వాయుసేన ప్రకటించింది. ఈ రెండు ప్రమాదాల్లోనూ నడిపినవాళ్లు అనుభవజ్ఞులు. వాళ్లను ఇంట్లో కూర్చుని తప్పుపట్టే అర్హత సిమ్యులేటర్ ఎవరికీ ఇవ్వదు. ఒక హెచ్చరిక దీపం వెలిగి, మాన్యువల్‌లో దాని పేజీ వెతికేలోపు ఎత్తు ఎలా తరిగిపోతుందో, అప్పుడు ధ్యాసను పంచుకోవడం అంతటి అనుభవజ్ఞులకు కూడా ఎందుకు కష్టమో మాత్రం సిమ్యులేటర్ అర్థం చేయిస్తుంది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ కుట్ర కథలు వినడానికి అలవాటుపడ్డ మనకు ఈ అవగాహన అవసరం.

కుర్చీలో కూర్చుని నేర్చినది నిజమైన నేర్పు ఎలా అవుతుందన్న అభ్యంతరం బలమైనదే. శరీరానికి తెలిసే ఒరుగు, కుదుపు, కడుపులో తేలిపోవడం ఇక్కడ ఉండవు. కళ్లు కదులుతున్నామంటుంటే ఒళ్లు లేదంటుంది. ఆ పేచీతో వచ్చే కడుపులో తిప్పును 1957లోనే, అమెరికా నేవీ హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో శిక్షణ పొందినవాళ్లలో గుర్తించి రాశారు. మబ్బుల్లో పైలట్‌ను మోసం చేసే లోపలి చెవి అనుభూతిని ఇంటి కంప్యూటర్ ఎన్నటికీ కల్పించలేదు. పరికరాలూ సరిగ్గా అమరవు. మార్కెట్లో దొరికే జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ ఉండి వదలగానే మధ్యకు వస్తుంది. హెలికాప్టర్ సైక్లిక్ అలా కాదు, పైలట్ కుదిర్చిన చోట (ట్రిమ్) నిలుస్తుంది. విమానాల కోసం చేసిన థ్రాటిల్‌ను ముందుకు తోస్తే శక్తి పెరుగుతుంది, కలెక్టివ్‌ను మాత్రం పైకి లాగాలి. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా చరిత్ర ఒక మాట చెబుతోంది. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో తపాలా మోసే పని నెత్తికెత్తుకుని, చెడు వాతావరణంలో వరసగా పైలట్లను పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఎడ్విన్ లింక్ చేసిన చెక్క పెట్టెలాంటి ట్రైనర్లను ఆరింటిని కొన్నది. ఆ పెట్టె నిజమైన విమానంలా ఎగిరేది కాదు. మూత వేస్తే బయట ఏమీ కనిపించదు, పరికరాలను నమ్మి నడపడం ఒక్కటే దారి. ఆ పెట్టె నేర్పాల్సింది అదే కాబట్టి పనికొచ్చింది. డీసీఎస్ పైలట్లను తయారు చేస్తుందని నేను అనడం లేదు. హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల చేసే పని దానివల్ల కాదు. చూపు ఏ ముల్లు మీద ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు మళ్లాలి అన్న ఒక్క క్రమశిక్షణ మాత్రం దానివల్ల అవుతుంది.

మరి యుద్ధ హెలికాప్టరే ఎందుకు, మామూలు ప్రయాణికుల హెలికాప్టర్ చాలదా? హోవర్ నేర్చుకోవడానికి చాలు. ధ్యాసను నిజంగా పరీక్షించాలంటే చాలదు. అపాచీలో వెనక సీటులో పైలట్, ముందు సీటులో గురిచూసేవాళ్లు ఉంటారు. సిమ్యులేటర్‌లో ఆ రెండు సీట్లలో రెండు ఊళ్లలో ఉన్న ఇద్దరు కూర్చోవచ్చు. ముందున్నవాళ్లు కెమెరాలో ఏం చూస్తున్నారో మాటల్లో చెప్పాలి, వెనకున్నవాళ్లు చెట్లకు తగలకుండా నడుపుతూనే అది వినాలి. అస్పష్టంగా ఒక్క మాట అంటే పని చెడుతుంది. దీనికంటే పెద్ద అభ్యంతరం నీతికి సంబంధించింది, దాన్ని దాటవేయడం తప్పు. 2007 జూలై 12న బాగ్దాద్‌లో అపాచీల నుంచి జరిపిన కాల్పుల్లో రాయిటర్స్ వార్తా సంస్థకు చెందిన ఇద్దరు సహా డజనుకు పైగా మనుషులు చనిపోయారు. అపాచీ కెమెరా తీసిన ఆ కాల్పుల వీడియోను 2010 ఏప్రిల్‌లో వికీలీక్స్ బయటపెట్టింది. సిమ్యులేటర్‌లోని తెర కూడా అచ్చంగా అలాంటిదే. అందులో తెల్లగా మెరిసే ఆకారాలకు కుటుంబాలు ఉండవు. ఈ లోటును సిమ్యులేటర్ పూడ్చదు, నేర్పేవాళ్లే పూడ్చాలి. ఒకటి మాత్రం గమనించాలి. మూడు కిలోమీటర్ల అవతల ఉన్నది ట్యాంకో ట్రాక్టరో ఆ తెర మీద పోల్చుకోలేక కళ్లు చిట్లించినవాళ్లకు ఆ వీడియోలో అంత ధీమాగా వినిపించే మాటలు మరింత భయం పుట్టిస్తాయి. ‘కచ్చితమైన దాడి’ అని ఏ సైన్యం ప్రకటించినా, కచ్చితంగా ఎంత కనబడి ఉంటుందన్న ప్రశ్న వాళ్లకు తడుతుంది. మన వాయుసేన 22 అపాచీలను కొన్నది. మన సైన్యానికీ అపాచీలు వచ్చాయి. వాటి గురించి మాట్లాడే పౌరులకు ఈ ప్రశ్న తట్టడం మంచిదే.

ఖర్చు మాట కూడా ఉంది. డీసీఎస్ వరల్డ్ మూల ప్రోగ్రాం ఉచితం, అపాచీ మాడ్యూల్ ధర దాదాపు 80 డాలర్లు. భారమంతా మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్, జాయ్‌స్టిక్, పెడల్స్ దగ్గరే. మధ్యతరగతి ఇంటికి అది ఎక్కువే, పిల్లల కోసం అప్పు చేసి కొనమని నేను చెప్పను. అందుకే కాలేజీ అంటున్నాను. అపాచీ ఒంటి చట్రాలు (ఫ్యూజలాజ్‌లు) 2018 నుంచి హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో, టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. ఆ చట్రం మోసే బలాలేమిటో ఇక్కడి ఏరోనాటికల్, మెకానికల్ విద్యార్థి బొమ్మల్లో మాత్రమే చూసి పట్టా పుచ్చుకోవడం బాగాలేదు.

ఒక కాలేజీ మొదలుపెట్టాలంటే రెండు కంప్యూటర్లు చాలు. ఒక జాయ్‌స్టిక్‌కు స్ప్రింగ్ తీసేయాలి. మొదటి సెమిస్టర్ అంతా ఆయుధాల స్విచ్ ముట్టుకోనక్కర్లేదు. హోవర్, ఎదురుగాలిలో ల్యాండింగ్, కావాలని వోర్టెక్స్ రింగ్‌లోకి వెళ్లి బయటపడటం, ఇంజిన్ ఆపేసి గాలికి తిరిగే రోటర్ మీదే దిగడం (ఆటోరొటేషన్), ఈ నాలుగూ చాలు. వేసవి వేడిలో నిండా ఇంధనంతో, కొండ మీద పలచటి గాలిలో ఇవే మళ్లీ చేయించాలి. అప్పుడు ఎంఐ-24 పక్క రెక్కలు వేగంలో బరువు మోస్తాయే గానీ హోవర్‌లో మోయవని, అందుకే బరువెక్కినప్పుడు దాన్ని రన్‌వే మీద పరుగెత్తించి లేపుతారని విద్యార్థికి విడిగా చెప్పాల్సిన పని ఉండదు. సిమ్యులేటర్ ప్రతి ఫ్లైట్‌నూ రికార్డు చేస్తుంది. మార్కులు ఎంత చక్కగా దిగారన్నదానికి వేయకూడదు. కూలిన ఫ్లైట్ రికార్డును విద్యార్థి చేతికిచ్చి, ఎత్తు చూడటం ఏ క్షణంలో మానేశారో, ఆ క్షణంలో దేన్ని చూస్తున్నారో రాసుకురమ్మనాలి. ఆ రాసినదానికి వేయాలి.