పాట అయ్యాకే మీటింగు మొదలవుతుందా?

మన సమావేశాలన్నీ దాదాపు ఒకే తీరుగా మొదలవుతాయి. ముందు ఒక పాట. పాడేది చాలాసార్లు పల్లె నుంచి వచ్చిన ఓ అక్క. పాట కాగానే చప్పట్లు కొడతాం. "ఇక విషయంలోకి వద్దాం" అంటుంది అధ్యక్షురాలు. ఆ మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. హేజెల్ డికెన్స్ గురించి తెలుసుకున్నాక మాత్రం అలా అనడానికి నోరు రావడం లేదు.

హేజెల్ 1925లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, బొగ్గు గనుల ప్రాంతంలో పుట్టింది. పదకొండుమంది సంతానంలో ఎనిమిదో బిడ్డ. తండ్రి గనులకు కలప తోలేవాడు, చర్చిలో బోధించేవాడు, బాంజో వాయించేవాడు. 1950ల మొదట్లో ఆమె పని వెతుక్కుంటూ బాల్టిమోర్ నగరానికి వెళ్ళి ఫ్యాక్టరీల్లో చేరింది. కొండప్రాంతాల నుంచి వచ్చిన వాళ్ళ యాసనూ కట్టునూ నగరం వాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆ పరాయి ఊళ్ళో ఆమెకు దక్కిన సొంత చోటు పాట ఒక్కటే.

ఆ పాటలోనూ ఆడవాళ్ళకు చోటు తక్కువే. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటారు, బాస్‌లతో సాగే బ్లూగ్రాస్ సంగీతానికి 1940లలో కెంటకీకి చెందిన బిల్ మన్రో రూపమిచ్చాడు. అతని బృందం పేరు 'బ్లూ గ్రాస్ బాయ్స్'. ఆ 1940లలోనే శాలీ ఆన్ ఫారెస్టర్ అనే స్త్రీ ఆ బృందంలో అకార్డియన్ వాయించింది. అయినా పేరు 'బాయ్స్'గానే ఉండిపోయింది. స్త్రీ పని చేస్తుంది, బోర్డు మీద మగవాడి పేరు ఉంటుంది. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు.

హేజెల్, ఆలిస్ జెరార్డ్ అనే మరో గాయని కలిసి 1965లో తమ తొలి ఆల్బమ్ తెచ్చారు. మగవాళ్ళ వెనక వంతపాటగా కాకుండా ఇద్దరు ఆడవాళ్ళే ముందు నిలబడి పాడారు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న నవోమి జడ్, తన కూతురితో కలిసి వీళ్ళ రికార్డు వింటూ జంటగా పాడటం నేర్చుకుంది.

హేజెల్ పాటలు రాసింది కూడా. 1968లో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోతే, దానిమీద పాట కట్టింది. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకునే జబ్బుతో అన్న పోతే, 'బ్లాక్ లంగ్' రాసింది. అది ఏడుపు పాట మాత్రమే కాదు, ఆ చావుకు బాధ్యులెవరో చెప్పే పాట. మన సింగరేణి ప్రాంతంలో పనిచేసే మిత్రులకు ఆ దుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు.

బార్లలో కనిపించే ఆడవాళ్ళను ఈసడించే మగవాళ్ళను నిలదీస్తూ ఆమె రాసిన పాట 1973 ఆల్బమ్‌లో వచ్చింది. ఆమెను కించపరచకు, అక్కడికి చేర్చడంలో నీ చేయీ ఉందని పాట పేరులోనే ఉంది. తప్పు చేసిన ఆడదాన్ని క్షమించమని ఆ పాట అడగదు. లెక్క మొత్తం బయటపెట్టమంటుంది. మనం రెండు రోజుల శిక్షణలో చెప్పే సంగతి అది మూడు నాలుగు నిమిషాల్లో చెబుతుంది.

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. పాట ఉత్సాహం ఇస్తుంది సరే, చట్టం తెచ్చేది సమాచారమూ సంఘటితశక్తీ కదా అంటారు. నిజమే. 1969లో వెస్ట్ వర్జీనియాలో దాదాపు 40,000 మంది గని కార్మికులు ఆ జబ్బుకు పరిహారం కోరుతూ పని ఆపేశారు. అంతకుముందు వైద్యులు ఊరూరా తిరిగి జబ్బు ఎలా వస్తుందో వివరించారు. ఆ ఏడాది చివర్లో కేంద్ర చట్టం వచ్చింది. అదంతా పాటే సాధించిందని నేను అనను. కానీ పరిహారం దరఖాస్తులో ఊపిరి ఎంత తగ్గిందో రాయడానికి గడి ఉంటుంది. రాత్రంతా ఆ దగ్గు వింటూ కూర్చున్న వాళ్ళ గురించి రాయడానికి గడి ఉండదు. అది పాటలోనే నమోదవుతుంది.

కెంటకీలోని హార్లన్ జిల్లాలో 1973-74లో జరిగిన సమ్మెలో గని కార్మికుల భార్యలు తెల్లవారకముందే రోడ్డు మీద నిలబడ్డారు. ఆ సమ్మెపై బార్బరా కోపల్ తీసిన 'హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.' (1976) ఆస్కార్ పొందింది. అందులో హేజెల్ పాటలున్నాయి. అక్కడ పాట సన్నివేశానికి అలంకారం కాదు, సాక్ష్యం.

గుర్తింపు ఆమెకు ఆలస్యంగా వచ్చింది. జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ 2001లో వచ్చింది. 2011లో ఆమె చనిపోయింది. హేజెల్, ఆలిస్‌ల పేర్లు బ్లూగ్రాస్ సంగీతకారుల గౌరవ జాబితాలో చేరింది 2017లో.

మరి మన సంగతి? సారా వ్యతిరేక ఉద్యమంలో పాటలు కట్టిన స్త్రీల పేర్లు మన నివేదికల్లో ఎన్ని ఉన్నాయి? పాట అచ్చువేస్తాం, కింద 'జానపదం' అని రాసి ఊరుకుంటాం. రిసోర్స్ పర్సన్‌కు దారి ఖర్చులూ గౌరవ వేతనమూ ఇస్తాం. పాడిన అక్కకు భోజనం పెట్టి పంపిస్తాం. ఇంటిచాకిరీకి విలువ కట్టమని అందరినీ అడిగే మనమే ఈ శ్రమకు లెక్క రాయడం లేదు.

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. పాట కట్టినామె పేరు మినిట్స్ పుస్తకంలో రాద్దాం. వక్తకు ఎంత ఇస్తామో ఆమెకూ అంత ఇద్దాం. అన్నిటికన్నా ముఖ్యంగా, పాట కాగానే "ఇక విషయంలోకి వద్దాం" అనడం మానేసి, "అక్కా, ఈ పాట ఎందుకు కట్టావు?" అని అడుగుదాం. ఆమె చెప్పే జవాబుతోనే మీటింగు మొదలుపెడదాం.